ముందు చీటీ, తర్వాతే అద్దాల బీరువా

ఒక గ్రూప్ ఫోటో తీసుకుందాం. మూడు వరసల్లో 23 మంది. వెనక నిలబడ్డవాళ్లు, మధ్యలో కుర్చీల్లో పెద్దలు, కింద బాసిపట్లు వేసుకుని పిల్లలు. ఓ పెద్దాయన దాన్ని అటక మీంచి దించి, దుమ్ము దులిపి, స్థానిక చరిత్ర సంఘానికి ఇచ్చి వెళ్తాడు. సంఘం వాళ్లు మురిసిపోయి ఫ్రేము కట్టించి గోడకు తగిలిస్తారు. ఆ 23 మందిలో 17 మంది పేర్లు పెద్దాయనకు తెలుసు. ఎవరూ అడగరు. రెండేళ్లకు ఆయన పోతాడు. ఫోటోకు చెద పట్టలేదు, రంగు వెలవలేదు, అద్దం పగల్లేదు. గోడ మీద మాత్రం 23 మంది ముక్కూమొహం తెలియనివాళ్లు మిగిలారు.

చిన్న సమాజాల జ్ఞాపకాలు ఎక్కువగా పోయేది ఇలాగే. నిప్పుకూ నీళ్లకూ పోయేదాని సంగతి అలా ఉంచి, అడగాల్సినప్పుడు నోరు తెరిచి అడగకపోవడం వల్ల పోయేదాన్ని లెక్కేసుకోండి. అందుకే ఎవరైనా కొత్తగా చరిత్ర సంఘం పెడతామంటే నేను చెప్పేది ఒకటే: మొదటి మూడేళ్లు మ్యూజియం మాట ఎత్తకండి, ఒక రిజిస్టరు కొనండి. ఈ మాట చాలామందికి రుచించదు. రిజిస్టరుకు రిబ్బను కత్తిరించలేం కదా.

పెద్ద మ్యూజియంలో శిల్పం ఎవరు చెక్కారో తెలియకపోయినా దాని అందమే దాన్ని నిలబెడుతుంది. చిన్న సంఘానికి వచ్చే వస్తువులకు ఆ వెసులుబాటు లేదు. ఒక లాంతరు, ఒక కుట్టుమిషను, ఒక హాజరు పట్టీ. అలాంటి లాంతర్లు లోకంలో లక్షలున్నాయి. ఈ లాంతరు రాత్రిబడిలో వేలాడింది, దాని చిమ్నీ పగిలితే చదువుకునేవాళ్లే చందాలు వేసుకుని కొత్తది తెచ్చారు అన్న ముక్క పక్కనుంటేనే దాన్ని దాచడంలో అర్థం ఉంది. ఆ ముక్క ఊడిపోయిన మరుక్షణం అది పాతసామాను.

తెలుగువాళ్లకు దీనికి సాక్ష్యం కైఫీయతులే. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య, ఇంకా ఎందరో సహాయకులు ఊళ్లు తిరిగి రాయించిన కాగితాలవి. 1821లో మెకంజీ పోయాక అవి శిథిలమవుతుంటే సి.పి. బ్రౌన్ వాటికి మళ్లీ నకళ్లు రాయించాడు. కరణాల దగ్గరుండిన మూల కవిలెలు, అంటే ఊరి లెక్కల పుస్తకాలు, చాలావరకు ఇవాళ కనబడవు. మనకు దక్కింది నకలు, ఆ నకలులో ఎవరి కవిలె, ఏ ఊరు అన్న మాట. వస్తువు, దాని గురించిన మాట, ఈ రెండింట్లో ఒకటే దక్కుతుందంటే ఏది దక్కాలో దీన్నిబట్టే తేల్చుకోవచ్చు.

ఇక రిజిస్టరు. గట్టి అట్ట బైండింగు, ముందే పేజీ నంబర్లు వేసినది కావాలి. విడి కాగితాల ఫైలైతే ఏదో ఒకరోజు ఒక కాగితం జారిపోతుంది, జారిపోయినట్టు కూడా ఎవరికీ తెలియదు. కంప్యూటర్లో ఎక్సెల్ పట్టిక పెట్టుకోండి, వెతకడానికి బాగుంటుంది. కానీ అసలు దస్తావేజు సిరాతో రాసిన పుస్తకమే. ఎక్సెల్‌లో ఒక నిలువు వరసను మాత్రమే క్రమంలో పేర్చి, మిగతావి కదపడం మరిచిపోతే చాలు, ఇచ్చినవాళ్ల పేర్లన్నీ వేరే వస్తువుల పక్కకు చేరిపోతాయి. సేవ్ చేసేశాక ఆ తప్పు ఆరునెలలకు గానీ బయటపడదు.

యాక్సెషన్ నంబరు, అంటే సంఘానికి వచ్చిన ప్రతి వస్తువుకూ వేసే గుర్తింపు నంబరు, మూడు ముక్కలు: 2025.14.3 అంటే 2025లో వచ్చిన పద్నాలుగో దానంలోని మూడో వస్తువు. అంతకు మించి ఏమీ ఇరికించకండి. ఫోటోకు ‘ఫో’, పుస్తకానికి ‘పు’ అని అక్షరాలు చేర్చాలనే సరదా అందరికీ పుడుతుంది. ఫోటోలు అతికించిన పుస్తకం వచ్చిన రోజున ఆ సరదా తీరుతుంది. వరసల్లో నంబరు, తేదీ, ఎవరిచ్చారు, ఏమిటది, కొలతలు, ప్రస్తుత స్థితి, ఎక్కడ పెట్టాం అన్నవి మామూలే. అసలైన గడి ‘ఇచ్చినవారి మాటల్లో’ అనేది. పేజీలో సగం దానికే ఇవ్వాలి. ‘మా తాతది’ అంటే ఏ తాత, తండ్రివైపా తల్లివైపా, ఆయన పేరేమిటి, ఈయన దాన్ని కళ్లారా చూశాడా, విన్నాడా, ఊహిస్తున్నాడా? చూసినది, విన్నది, ఊహించినది విడివిడిగా రాయాలి. అన్నీ ఒకే వాక్యంలో కలిపేస్తే ముప్ఫై ఏళ్ల తర్వాత ఊహే చరిత్ర అయి కూర్చుంటుంది.

నంబరు వస్తువు మీద ఉండాలి, పెట్టె మీద కాదు. పెట్టెలు మారతాయి. కాగితానికీ పాత నలుపు తెలుపు ఫోటోలకూ మెత్తటి పెన్సిల్‌తో వెనక అంచున, గట్టి గాజు పలక మీద పెట్టి తేలిగ్గా రాయాలి. బాల్‌పెన్ను నొక్కుడు ఫోటో ముందువైపు ఉబ్బెత్తుగా కనబడుతుంది. ప్లాస్టిక్ పూత ఉన్న కొత్తకాలం ఫోటోల వెనక పెన్సిల్ పట్టదు, కవరు మీద రాసి కవరుతోనే ఉంచాలి. గుడ్డకు నూలు టేపు మీద రాసి నాలుగు కుట్లు వేస్తే చాలు. లోహానికి, పింగాణీకి పారలాయిడ్ బి-72 అనే రెసిన్ను అసిటోన్‌లో కరిగించి గోరంత మేర పూసి, ఆరాక దాని మీద సిరాతో నంబరు వేసి, పైన ఇంకో పూత వేస్తారు. రేపు తీసేయాలంటే అసిటోన్‌లో ముంచిన దూదితో వచ్చేస్తుంది. ప్లాస్టిక్ మీద, రంగు లేదా వార్నిష్ వేసిన చెక్క మీద మాత్రం ఈ పని చేయకండి, అసిటోన్ ఆ పూతనే కరిగించేస్తుంది. అనుమానం వస్తే నూలుదారంతో చీటీ కట్టడం ఎప్పుడూ తప్పు కాదు.

మళ్లీ ఆ 23 మంది దగ్గరకు. ఫోటోను స్కాన్ చేసి పెద్ద కాగితం మీద ప్రింటు తీయండి. ప్రతి తల మీదా నంబరు వేయండి, ఎడమ నుంచి కుడికి, వెనక వరస మొదలుకొని. పక్కన ఇంకో కాగితంలో నంబరు, పేరు, గుర్తుపట్టినవారు ఎవరు, ఏ తేదీన. ముగ్గురు నలుగురు పెద్దలకు చూపించాలి, కానీ ఒక్కొక్కరికి విడిగా. అందరినీ ఒకచోట కూర్చోబెడితే గొంతు పెద్దదైన మనిషి చెప్పిందే ఖాయమవుతుంది, తక్కినవాళ్లు ‘అవునవును’ అంటారు. 9వ నంబరును ఒకరు అన్నగా, ఇంకొకరు తమ్ముడిగా గుర్తుపడితే రెండూ రాసుకోండి, తీర్పు చెప్పకండి. ఫోటోలో లేనివాళ్ల గురించి కూడా అడగాలి. ‘ఆ రోజు ఎవరు రాలేదు? ఎవరిని పిలవలేదు?’ అన్న ప్రశ్నకు వచ్చే జవాబు ఒక్కోసారి ఫోటో కన్నా విలువైనది.

కాదనడం ఈ పనిలో అన్నిటికన్నా కష్టం. ఇల్లు ఖాళీ చేస్తున్నవాళ్లు పెట్టెలకు పెట్టెలు తెచ్చి గుమ్మంలో దింపుతారు. ప్రేమతోనే తెస్తారు, నిజమే. కానీ నంబరు, కొలత, ఫోటో, రిజిస్టరు, పెట్టె అంటూ ఒక్కో వస్తువు గంట పని తింటుంది, ఆ తర్వాత ఎప్పటికీ చోటు తింటూనే ఉంటుంది. ఒకే రకం టైపుమిషన్లు మూడుంటే రెండు వద్దనాలి. వద్దనడానికి మొహమాటం అడ్డొస్తుంది కాబట్టి ఏది తీసుకుంటాం, ఏది తీసుకోం అన్నది ఒక పేజీలో ముందే తీర్మానం చేసి గోడకు అంటించండి. అప్పుడు కాదంటున్నది మనిషి కాదు, కాగితం.

తీసుకున్నదానికి దానపత్రం రాయించుకోవాల్సిందే. యాజమాన్యం సంఘానికి మారింది, అవసరమైతే సంఘం దాన్ని ఇంకో సంస్థకు ఇవ్వవచ్చు, ఎప్పుడూ ప్రదర్శనలో ఉంచుతామని మాట ఇవ్వడం లేదు అన్న మూడు సంగతులు అందులో ఉండాలి. ‘ప్రస్తుతానికి మీ దగ్గర ఉంచండి’ అనే మాటకు ఒప్పుకోవద్దు. ఇచ్చినాయన పోయాక నలుగురు వారసులు నాలుగు దారుల్లో వస్తారు, సంఘం నడుమ ఇరుక్కుంటుంది. అరువు తీసుకోక తప్పకపోతే ముగింపు తేదీ వేసి తీసుకోండి. ఇంకో మెలిక: ఉత్తరం చేతికొచ్చినంత మాత్రాన దాన్ని అచ్చువేసే హక్కు రాదు. కాపీరైటు రాసినవారిది, వారి తర్వాత వారసులది. ఉత్తరాలిచ్చేది అందుకున్నవారి కుటుంబం, హక్కు ఉండేది పంపినవారి కుటుంబానికి. అది విడిగా అడగాలి.

ఇక ప్రేమతో చేసే హత్యలు. మొదటి ముద్దాయి లామినేషన్. వేడి, జిగురు, ప్లాస్టిక్ మూడూ కలిసి కాగితంలోకి దిగిపోతాయి, మళ్లీ విడదీయడం దాదాపు అసాధ్యం. కాగితంలోని ఆమ్లం లోపలే ఉండి దాన్ని తింటూనే ఉంటుంది. పైకి మెరుస్తుంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. థర్మల్ కాగితం మీది రసీదునైతే లామినేషన్ మిషను అక్కడికక్కడే నల్లగా మార్చేస్తుంది. ఇది తెలియనివాళ్లు చేసే తప్పే అనుకోకండి, 20వ శతాబ్దంలో దశాబ్దాల తరబడి పెద్ద పెద్ద ఆర్కైవులే సెల్యులోజ్ అసిటేట్ పొరతో లామినేట్ చేసి తర్వాత లెంపలేసుకున్నాయి. పెళుసు కాగితాన్ని చేత్తో పట్టుకోవాలంటే రెండు పాలియెస్టర్ షీట్ల మధ్య పెట్టి, అంచులు మాత్రమే మూస్తే సరి. అంచు కత్తిరిస్తే కాగితం చెక్కుచెదరకుండా బయటికొస్తుంది.

రెండోది సెల్లోటేపు. కొన్నేళ్లకు ప్లాస్టిక్ ఊడిపోయి జిగురు మాత్రం కాగితంలో గోధుమరంగు మరకై మిగులుతుంది. పాత ఆల్బముల్లో జిగురు గీతల పేజీ మీద ఫోటో పరిచి పైన ప్లాస్టిక్ పొర కప్పే రకం ఉంటుంది, అదీ ఇదే జాతి. అందులోంచి ఫోటోను గోటితో పీకితే మడత పడుతుంది. పళ్లు శుభ్రం చేసుకునే డెంటల్ ఫ్లాస్ దారాన్ని ఫోటో కిందుగా రంపంలా మెల్లగా ఆడిస్తూ విడదీయాలి. రాకపోతే వదిలేయండి, పేజీతో సహా స్కాన్ చేయండి. పి.వి.సి. కవర్లు కాలం గడిచేకొద్దీ జిడ్డు కక్కుతాయి, ఆమ్లం వదులుతాయి. పాలియెస్టర్, పాలీప్రొపిలీన్ ఫరవాలేదు. రబ్బరు బ్యాండ్లు, గుండుసూదులు, స్టేపులర్ పిన్నులు తీసేయండి, పిన్ను కాళ్లను ముందు వెనకవైపు విప్పదీసి, తర్వాతే లాగాలి. ఇత్తడినీ వెండినీ తళతళలాడేలా తోమడం కూడా నేరమే. ప్రతి తోముడుకూ కొంత లోహం పోతుంది, చెక్కిన అక్షరాలు అరుగుతాయి. తెల్ల గ్లవ్స్ వేసుకుని పాత కాగితాలు తిప్పడం సినిమాల్లో బాగుంటుంది. నిజానికి నూలు గ్లవ్స్‌తో వేలికి స్పర్శ తెలియక కాగితం చిరుగుతుంది. కడిగి ఆరబెట్టుకున్న చేతులే మేలు. ఫోటోలకూ లోహానికీ అయితే నైట్రైల్ గ్లవ్స్.

గది సంగతి పెద్దగా చెప్పక్కర్లేదు. గాలిలో చెమ్మ 65 శాతం దాటితే బూజుకు పండగ, 75 దాటితే ఇంకా త్వరగా కనబడుతుంది. ఒక చిన్న హైగ్రోమీటరు పెట్టి రోజూ ఒకే వేళకు చూసి రాయండి. కింది అర నేలకు 15 సెంటీమీటర్ల ఎత్తున, వెనకభాగం గోడకు కాస్త ఎడంగా ఉండాలి, పైన నీళ్ల పైపు పోకూడదు. ప్లైవుడ్ బీరువా ఆమ్లపు ఆవిర్లు వదులుతుంది, పౌడర్ కోటింగ్ చేసిన స్టీలు బీరువా నయం. ఆమ్లంలేని పెట్టెలు దొరక్కపోతే ఉతికి ఆరేసిన తెల్ల నూలు గుడ్డ చుట్టినా చాలావరకు పనవుతుంది. కలరా ఉండలు మానేయండి, అవి మనుషులకే మంచివి కావు, ప్లాస్టిక్‌నూ మెత్తబరుస్తాయి. పురుగు పట్టిన పుస్తకాన్నో గుడ్డనో పాలిథీన్ సంచిలో గాలి తీసి మూసి, ఇంట్లో వాడే ఫ్రీజరులోనైతే రెండు వారాలు ఉంచాలి. బయటికి తీశాక 24 గంటలు సంచి విప్పకూడదు, విప్పితే చల్లటి వస్తువు మీద గాలిలోని చెమ్మ నీరై కూర్చుంటుంది. కాగితాలు తడిసిపోతే మీకున్న గడువు 48 గంటలు, ఆలోగా ఆరబెట్టలేనివి కూడా ఆ ఫ్రీజరులోకే. పాత ఫిల్ము డబ్బా మూత తీయగానే పుల్లటి వెనిగర్ వాసన వస్తే ఫిల్ములోని అసిటేట్ ప్లాస్టిక్ కుళ్లుతున్నట్టు లెక్క. దాన్ని వేరుచేసి, ముందు దాన్నే డిజిటైజ్ చేయించాలి.

స్కానింగు అనగానే ఉత్సాహం పొంగుకొస్తుంది, ఫోన్లు బయటికొస్తాయి. ఫోటోలు 600 పి.పి.ఐ.లో (అంగుళానికి 600 చుక్కలు), టిఫ్ ఫార్మాట్లో, రంగులోనే తీయాలి. ఫోటో నలుపు తెలుపే అయినా దాని పసుపుదనం, మరకలు కూడా సమాచారమే. ‘ఆటో ఎన్‌హాన్స్’ ఆపేయండి. వెనకవైపు కూడా స్కాన్ చేయండి, స్టూడియో ముద్ర, తేదీ అక్కడే ఉంటాయి. 4×6 అంగుళాల ఫోటో ఒకటి దాదాపు 26 మెగాబైట్లవుతుంది, వెయ్యి ఫోటోలు 26 గిగాబైట్లు. ఇవాళ్టి లెక్కలో అది పెద్ద బరువేం కాదు. ఫైలు పేరు యాక్సెషన్ నంబరే కావాలి: 2025_014_003_వెనక. ‘తాతయ్య పెళ్లి కొత్తది ఫైనల్ 2’ అనే పేరు పెట్టినవాడికే వారం తర్వాత దొరకదు. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే కుదించేస్తుంది, డాక్యుమెంటుగా పంపాలి. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే భవనంలో. హార్డ్‌డిస్క్ బీరువాలో పెట్టి తాళం వేస్తే భద్రమనుకుంటారు. అది పుస్తకం కాదు. ఏడాదికోసారి తెరిచి చెక్‌సమ్ (ఫైలు మారిపోలేదని తేల్చే అంకె) సరిపోల్చాలి, అయిదారేళ్లకు కొత్త డిస్కుకు మార్చాలి.

మనుషుల జ్ఞాపకాలు రికార్డు చేయడం నా దృష్టిలో మిగతా అన్నిటికన్నా ముందు జరగాలి, ఎందుకంటే లాంతరు ఇంకో పదేళ్లు ఆగుతుంది. పరికరం మామూలుదైనా ఫరవాలేదు, కాలర్‌మైకు ఉంటే ఫోను చాలు. వావ్ ఫార్మాటు, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. మోనోలో గంటకు అర గిగాబైటు పైచిలుకు. ఫ్యాను, ఫ్రిజ్ ఆపాలి, మనిషి చెవి పట్టించుకోని ఆ రొదను మైకు వదలకుండా పట్టుకుంటుంది. ఫ్రిజ్ ఆపినప్పుడు కారు తాళాలు అందులో పెట్టండి, వెళ్లేటప్పుడు మళ్లీ ఆన్ చేయడం మరిచిపోరు. మొదట ఎవరు, ఎవరితో, ఎక్కడ, ఏ తేదీన మాట్లాడుతున్నారో మైకులోనే చెప్పాలి. గంటో గంటన్నరో దాటితే పెద్దవాళ్లు అలసిపోతారు. అనుమతిపత్రం చివర్లో సంతకం చేయించండి, అప్పటికి తాము ఏం చెప్పారో వారికి తెలుస్తుంది. ఫలానా భాగం ఇరవై ఏళ్ల దాకా ఎవరికీ వినిపించొద్దంటే ఆ షరతు రిజిస్టరులో ఎక్కాలి.

ప్రశ్న ‘అప్పట్లో బాగుండేదా?’ అని మొదలైతే జవాబు ‘ఆ, బాగుండేది’ దగ్గర ఆగుతుంది. ‘పొద్దున లేవగానే ఇంట్లో మొదట వినబడే చప్పుడు ఏమిటి?’ అనండి. జవాబు అయ్యాక ఒక అయిదారు క్షణాలు నోరు మెదపకండి. అసలు కథ ఆ నిశ్శబ్దం తర్వాత వస్తుంది. ఒక గంట రికార్డింగును మాటమాటా ఎత్తి రాయడానికి ఆరేడు గంటలు పడుతుంది. చాలా సంఘాలు అక్కడే చతికిలబడతాయి. అంత ఓపిక లేకపోతే అయిదేసి నిమిషాలకొక వాక్యం చొప్పున సూచిక రాయండి. సూచిక లేని రెండొందల గంటల రికార్డింగును వినే నాథుడు ఉండడు.

చెప్పేవారు తేదీ తప్పు చెబితే? మైకు ముందు సరిదిద్దొద్దు. ఇటలీలో తెర్ని అనే ఉక్కు పట్టణంలో లుయీజీ త్రస్తుల్లి అనే 21 ఏళ్ల కార్మికుడు 1949 మార్చి 17న, నాటో ఒప్పందానికి వ్యతిరేకంగా జరిగిన నిరసనలో పోలీసుల చేతిలో చనిపోయాడు. ఏళ్ల తర్వాత మౌఖిక చరిత్రకారుడు అలెస్సాండ్రో పోర్తెల్లి అక్కడి కార్మికుల మాటలు రికార్డు చేస్తే, చాలామంది ఆ చావు 1953లో, ఉక్కు కర్మాగారం నుంచి జనాన్ని తీసేసినప్పటి వీధి గొడవల్లో జరిగిందని చెప్పారు. తేదీ తప్పు. కానీ అందరూ ఒకే వైపుకు తప్పారు. వాళ్లను లోపల కోసింది ఉద్యోగాలు పోవడం, అందుకని ఆ చావును తెచ్చి అక్కడ పెట్టుకున్నారు. పోర్తెల్లి ‘కాదండీ, 1949’ అని అడ్డుపడి ఉంటే ఆ సంగతి ఎప్పటికీ బయటపడేది కాదు. సరైన తేదీ సూచికలో పక్కన రాయండి, టేపులో మాత్రం ఆ మనిషి మాటే ఉండనివ్వండి.

ఇక్కడే ఒక నిష్ఠూరం. పెట్టెల్లో దాచుకోవడానికి కాగితాలూ, ఫోటో తీయించుకోవడానికి డబ్బూ ఉన్న ఇళ్ల నుంచే వస్తువులు వస్తాయి. ఎవరైనా ఇస్తారేమోనని ఎదురుచూస్తూ కూర్చునే సంఘం పదేళ్లలో నాలుగు కుటుంబాల ఆల్బమైపోతుంది. కూలికి వెళ్లినవాళ్ల దగ్గర, ఊరొదిలిపోయినవాళ్ల దగ్గర, చాలామంది ఆడవాళ్ల దగ్గర ఉన్నది గొంతు మాత్రమే. కాబట్టి రికార్డింగు జాబితా రాసేటప్పుడు బీరువాలో ఎవరి వస్తువులు లేవో చూసి, వాళ్లతో మొదలుపెట్టండి.

సంఘం తన కాగితాలు తానే పారేసుకోవడం కూడా మామూలే. మినిట్స్ పుస్తకం, నోటీసులు, సభ్యుల జాబితా, వీటికీ నంబర్లు వేయండి. చరిత్ర సంఘాలు చాలావరకు ఒక్క మనిషి భుజాల మీద నడుస్తాయి, ఆ మనిషి మంచాన పడితే తాళంచెవులు, పాస్‌వర్డులు, ఏ పెట్టెలో ఏముందన్న జ్ఞానం అన్నీ ఒకేసారి పోతాయి. తాళాలు ఇద్దరి దగ్గర, పాస్‌వర్డులు సీలు వేసిన కవరులో ఉండాలి. సంఘం మూతబడితే వస్తువులు ఏ లైబ్రరీకో ఆర్కైవుకో వెళ్లాలన్న నిబంధన బైలాలో పేరుతో సహా ఉండాలి, ఆ సంస్థ ముందే ఒప్పుకుని ఉండాలి. పెళ్లి రోజున విడాకుల మాట ఎందుకంటారు కొందరు. సంఘం బతికుండగా ఎవరూ కొట్టుకోరు, పోయాకే కొట్టుకుంటారు.

ఇదంతా నడుస్తోందా లేదా అన్నది తేల్చే పరీక్ష ఏడాదికోసారి ఒక పూట పని. రిజిస్టరులోంచి ఏవో 20 నంబర్లు ఎంచి, ఆ వస్తువులు అరల్లో ఉన్నాయా చూడండి. తర్వాత అరల్లోంచి ఏవో 20 వస్తువులు తీసి, రిజిస్టరులో ఉన్నాయా చూడండి. మొదటిది దొంగతనాన్ని, పోగొట్టుకోవడాన్ని పట్టిస్తుంది. రెండోది సోమరితనాన్ని. నంబరు లేని వస్తువు దొరికితే ఆ ఏటి నంబరు ఒకటి వేసి, ఇచ్చినవారి గడిలో ‘అరలో దొరికింది’ అని నిజమే రాయండి, ఎవరిచ్చారో ఊహించి రాయకండి. వస్తువు కనబడకపోతే ఆ వరసను కొట్టివేయొద్దు. తేదీ వేసి ‘కనబడలేదు’ అని పెన్సిల్‌తో రాయండి. చాలాసార్లు అది పక్క పెట్టెలోనే ఉంటుంది.